ఇరవయ్యో బల్ల

ఆ హాల్లో ఇరవయ్యో బల్ల దగ్గర ఎవరూ కావాలని కూర్చోరు. కూర్చుంటే ఆ ఏడాది పరీక్ష తప్పినట్టే. చీకటి పడ్డాక అయితే అటు వైపు చూడను కూడా చూడరు.

ఇది నేను కళ్ళారా చూసింది కాదు, మా అక్క చెప్పగా విన్నది. అక్కంటే సొంత అక్క కాదు, పెద్దమ్మ కూతురు. తను పెద్ద డాక్టరు. నేను కుట్టుమిషన్లు బాగుచేసుకునేవాణ్ణి. ఏదైనా విప్పి చూస్తే గానీ నమ్మే రకం కాదు. రాత్రిపూట మిషను దానంతటదే టకటకమంటోందని, ఇంట్లో ఏదో గాలి తిరుగుతోందని వణుక్కుంటూ నా కొట్టుకి మోసుకొచ్చినవాళ్ళున్నారు. విప్పితే అడుగున ఎలక పిల్లల్ని పెట్టింది. అందుకని దెయ్యాల కబుర్లంటే నాకు నవ్వులాట.

మొన్నామధ్య అక్క తన పాత మిషను పట్టుకొచ్చి, నేను విప్పుతుంటే స్టూలు మీద కూర్చుని ఈ సంగతి చెప్పింది. ఆ బల్ల మాట ఎత్తేసరికి గొంతు తగ్గించింది. పట్టపగలు, రోడ్డు మీద అంత జనం. ఎవరు వింటారని తగ్గించిందో నాకు తెలీదు.

అక్క చదివిన వైద్య కళాశాలలో రెండో అంతస్తు మొత్తం పాథాలజీ వాళ్ళది. జబ్బు ఒంట్లో దూరి ఏ భాగాన్ని ఎలా పాడుచేస్తుందో నేర్పే చదువట అది. అక్కడొక పొడుగాటి హాలు. నాలుగు వరసల్లో ఇరవై బల్లలు. ప్రతి బల్లకీ ఒక కుళాయి, ఒక మైక్రోస్కోపు, ఒక స్పిరిట్ దీపం. గోడల పొడవునా అద్దాల బీరువాలు. వాటిల్లో జాడీలు... జాడీల్లో ఏముంటాయో నేను చెప్పక్కర్లేదు. ఇరవయ్యో బల్ల చివరి వరసలో చివర్న, కిటికీని ఆనుకుని ఉంటుంది.

అక్క అక్కడ చదివే రోజులకి తొమ్మిదేళ్ళ ముందు ఒక సీనియర్ ఆ బల్ల దగ్గర పరీక్ష రాశాడట.

పరీక్ష చిన్నదే. ఒక్కొక్కరికీ ఒక సీసాలో మూత్రం ఇస్తారు. దాన్ని గాజు గొట్టంలో పోసి, అడుగు పట్టుకుని, పైభాగం మాత్రం దీపం మీద కాచాలి. ప్రోటీన్ ఉంటే పైన తెల్లగా మబ్బు కడుతుంది. రెండు చుక్కలు పల్చటి ఆసిడ్ వెయ్యాలి. మబ్బు విడిపోతే ఏం భయం లేదు. విడిపోకపోతే కిడ్నీ వడపోత చెడిందని అర్థం. ఉందో లేదో చీటీ మీద రాసి, సంతకం పెట్టి ఇచ్చెయ్యాలి.

సీసాలు సిద్ధం చేసేది ఆ హాలు అటెండరు. జబ్బు సీసా కావాలంటే మామూలు మూత్రంలో గుడ్డు తెల్లసొన గిలక్కొట్టి, గుడ్డలో వడపోసి కలుపుతాడు. ఆయన పద్ధతి ఒకటే, ఏళ్ళ తరబడి మారలేదు. బేసి నంబరు సీసా జబ్బుది, సరి నంబరు నార్మల్‌ది. ఈ మంత్రం సీనియర్లు జూనియర్ల చెవిలో వేస్తారు. ఇంక దీపాలు ఎందుకు వెలిగిస్తారు? లాంఛనానికి వెలిగించి, గొట్టం మంట పక్కన నాలుగుసార్లు ఊపి, నంబరు చూసి రాసేస్తారు.

ఆ సీనియర్ మాత్రం నిజంగానే కాచాడు. ఇరవయ్యో సీసా. నార్మల్‌ది. కాచి, ప్రోటీన్ ఉందని రాశాడు.

ఎగ్జామినరు మళ్ళీ చూడమన్నాడు. మళ్ళీ ఉందన్నాడు. మూడోసారి కూడా ఉందన్నాడు. కళ్ళు పెట్టుకుని చూడలేనివాడు డాక్టరేమవుతాడని ఫెయిల్ చేశారు. ఆ రాత్రే పెట్టె సర్దుకుని హాస్టలు గేటు దాటాడు. మళ్ళీ ఎవరికీ కనిపించలేదు. రైలు కింద పడ్డాడని ఒకరు, నూతిలో దూకాడని ఒకరు. చూసినవాడు ఒక్కడూ లేడు.

అప్పట్నుంచీ... కొన్ని రాత్రుళ్ళు ఆ కిటికీలో నీలి మంట కనిపిస్తుందట.

కింద గేటు దగ్గరుండే వాచ్‌మన్ మూడుసార్లు చూశాడు. ఎవరడిగినా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని చెప్పేవాడు. "మొహం కనబడదు. చెయ్యే కనిపిస్తుంది. గొట్టం కాస్తాడు... పైకెత్తి చూస్తాడు... మళ్ళీ కాస్తాడు. నేను చెప్పింది నిజమే కదా అని చూసుకుంటాడు పాపం."

నేను ఊరుకోలేదు. "ఆగక్కా. చివరి బల్ల ఎవరికిస్తారు?" అన్నాను.

"తప్పినవాళ్ళకి. వాళ్ళ నంబర్లు చివర్న వేస్తారు."

"మరింకేం? ఒకసారి తప్పినవాడు రెండోసారి తప్పడం వింతా? మధ్యలో దెయ్యమేం చేసింది?"

"నేనూ అలాగే అనుకున్నాను రా. విను."

అక్క అప్పటికే ఒకసారి తప్పింది. ఎందుకు తప్పిందో మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరం మాట్లాడం. పెదనాన్న స్కూలు బస్సు డ్రైవరు. అక్క మొదటి ఏడాది సెలవులకి ఇంటికొచ్చినప్పుడు, ఆయన సాయంత్రం మేజోళ్ళు విప్పుతుంటే చూసింది. చీలమండ చుట్టూ గాడి పడి ఉంది. సరదాకి బొటనవేలితో నొక్కింది. నొక్కినచోట గుంట పడి, అలాగే ఉండిపోయింది. "రోజంతా కూర్చునే పని కదే తల్లీ" అన్నాడాయన. ఆ గుంట మంచిది కాదని అక్కకి లోపల ఎక్కడో అనిపించింది. కానీ ఆ పాఠం ఇంకా చెప్పలేదు. వచ్చే ఏడు చెప్తారులే అనుకుని ఊరుకుంది.

వచ్చే ఏడు చెప్పారు. కిడ్నీ పాఠం చెప్పిన వారమే పెదనాన్న పోయాడు.

అక్క ఏడవలేదు. పదో రోజుకి కాలేజీకి వెళ్ళిపోయి, ఆ పాఠం నోట్సు వేరే అమ్మాయి దగ్గర తీసుకుని, రంగు పెన్సిళ్ళతో బొమ్మలతో సహా ఎక్కించుకుంది. ఆకలి వేసేది కాదు, నిద్ర వచ్చేది కాదు. రాకపోయినా బాధ అనిపించేది కాదు. పన్ను పీకే ముందు ఇంజెక్షన్ ఇస్తే దవడ ఎలా ఉంటుందో మనిషంతా అలా ఉండేదట. పరీక్షలో ఒక జాడీ చేతికిచ్చి ఇదేమిటమ్మా అని అడిగారు. ముడుచుకుపోయి, పైన ఇసక చల్లినట్టున్న కిడ్నీ. అక్కకి తెలుసు. నోరు తెరుచుకోలేదు. జాడీ పట్టుకుని పది నిమిషాలు నిలబడింది. తప్పించారు.

ఏడాది తర్వాత జూనియర్లతో కలిసి మళ్ళీ రాయాలి. ఈసారీ తప్పితే సీటు పోతుంది, అది కాలేజీ రూలు. పెద్దమ్మ ఇంటి దగ్గర ఒక్కర్తే ఉంది. ఆ సీటు ఒక్కటే వాళ్ళకి మిగిలింది.

పరీక్ష వారం ఉందనగా అక్క సాయంత్రాలు ఒంటరిగా ప్రాక్టీసు చెయ్యడానికి అటెండర్ని బతిమాలింది. ఆయన్ని అందరూ సీసాల బాబాయ్ అనేవారు. ముప్పై ఏళ్ళ సర్వీసు. మైక్రోస్కోపు కింద ఏ గాజుపలక పెట్టినా పేరు చెప్పగలడు, ప్రొఫెసర్లు మర్చిపోతే వెనక నుంచి అందిస్తాడు. అక్కంటే జాలి.

ఒక అట్టపెట్టెలో రెండు సీసాలు పెట్టిచ్చాడు. ఒకటి పందొమ్మిది, ఒకటి ఇరవై.

"ఎనిమిదింటికల్లా తాళం వేసి వాచ్‌మన్‌కి ఇచ్చెయ్యండమ్మా" అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. తల తిప్పకుండా మెల్లగా అన్నాడు. "ఎక్కడైనా కూర్చోండి... ఆ చివర బల్ల వద్దు. మనకెందుకు?"

అక్క అక్కడే కూర్చుంది. ధైర్యమని కాదు. పరీక్ష రోజు ఎలాగూ అదే వస్తుంది. పైగా ఆ బల్ల మీది దీపం ఒక్కదానికే ఒత్తి సరిగా ఉంది. దెయ్యం వస్తే రానీ, పక్కన ఎవరో ఒకరు కూర్చున్నట్టుంటుంది అనుకుందట. ఏ ఆడపిల్లయినా అలా అనుకుంటుందా? నాకు స్క్రూడ్రైవరు చేతిలోనే ఆగిపోయింది.

చీకటి పడింది. హాల్లో ఒక్క ట్యూబులైటు. బీరువాల అద్దాల్లో దీపం మంట నాలుగైదు చోట్ల కదులుతోంది. ముందు పందొమ్మిదో సీసా కాచింది. తెల్లబడింది. తెల్లసొన కదా, తెల్లబడాలి. సరే.

ఇరవయ్యోది గొట్టంలో పోసింది. అడుగు పట్టుకుంది. పైభాగం మంట మీద పెట్టింది.

కింద సగం తేటగా ఉంది. పైన... ఒక పొగలాంటిది కదిలింది. చిక్కబడింది. చూస్తుండగానే పై సగం అంతా తెల్లగా కమ్ముకుంది.

ఆసిడ్ రెండు చుక్కలు వేసింది. విడిపోలేదు.

సీసా తిప్పి నంబరు చూసింది. ఇరవై. గొట్టానికి తెల్లసొన అంటుకుని ఉంటుందని కొత్త గొట్టం తీసింది. కుళాయి కింద మూడుసార్లు కడిగింది. మళ్ళీ పోసి, మళ్ళీ కాచింది.

మళ్ళీ తెల్లబడింది.

అప్పుడు వరండాలో అడుగుల చప్పుడు వినిపించింది. నెమ్మదిగా... ఈడుస్తున్నట్టు. తలుపు దాకా వచ్చి ఆగాయి. ఆ తలుపుకి సగం గరుకు అద్దం. అద్దం వెనక ఒక ఆకారం. లోపలికి రాదు... పక్కకి పోదు.

"ఎవరది?" అంది అక్క.

ఆ ఆకారం అలాగే చాలాసేపు నిలబడింది. అక్క చేతిలో గొట్టం అలాగే ఉంది, దీపం అలాగే మండుతోంది. తర్వాత అడుగులు మళ్ళీ ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాయి. తలుపు తీసి చూస్తే వరండా ఖాళీ.

"నువ్వు పారిపోలేదా?" అన్నాను.

"భయం వెయ్యలేదు రా. వేసుంటే బాగుండునని మాత్రం అనిపించింది."

పారిపోకుండా ఏం చేసిందో చెప్తాను. దీపం, గొట్టం, సీసా తీసుకుని మొదటి బల్ల దగ్గరికి వెళ్ళింది. నేను మిషను దారం తెగితే ముందు సూది మార్చి చూస్తాను, అలాంటిదే. బల్లలో ఏదో ఉంటే మొదటి బల్ల మీద తెల్లబడకూడదు కదా. కాచింది. అక్కడా తెల్లబడింది. తర్వాత బాత్రూముకి వెళ్ళి తన మూత్రమే తెచ్చి కాచింది. డాక్టర్లకి సిగ్గూ ఎగ్గూ ఉండవు. అది తేటగా ఉంది. మంచినీళ్ళలా.

అంటే బల్ల కాదు. గొట్టం కాదు. సీసాలోదే.

మర్నాడు పొద్దున్నే సీసాల బాబాయ్‌ని పట్టుకుంది. ఆయన కుళాయి దగ్గర వంగి గొట్టాలు కడుగుతున్నాడు.

"బాబాయ్, ఇరవయ్యో సీసాలో పొరపాటున సొన కలిసిందా?"

"లేదమ్మా."

"మరి తెల్లబడిందేం?"

ఆయన నీళ్ళు కట్టేశాడు. చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. "ఆ బల్ల దగ్గర కూర్చున్నారు కదూ... చెప్పాను కదమ్మా." గొంతు ఇంకా తగ్గించాడు. "అది నార్మల్. నార్మల్ అనే రాయండి. మీకు సీటు ముఖ్యం. ఆ బాబు ఏమయ్యాడో విన్నారుగా."

అక్క తలూపి వచ్చేసింది. ఆయన చెప్పింది సబబే అనిపించింది. రాసేది ఒక్క మాట. లేదు అని రాస్తే పాసవుతుంది, పెద్దమ్మ ఊపిరి పీల్చుకుంటుంది. ఉంది అని రాస్తే పెట్టె సర్దుకోవాలి.

పరీక్ష రోజు వచ్చింది. అనుకున్నట్టే ఇరవయ్యో బల్ల. బయటి ఊరి నుంచి వచ్చిన ఎగ్జామినరు ఒక పెద్దావిడ, చెవికి వినికిడి మిషను. వెంట కాలేజీ ప్రొఫెసరు, ఆయన చేతిలో ఏ సీసా ఏమిటో రాసి ఉన్న లిస్టు. సీసాల బాబాయ్ ట్రే పట్టుకుని వరస చివర నిలబడ్డాడు. ఇరవై దీపాలు వెలిగాయి. సరి నంబర్లవాళ్ళు తొమ్మిదిమంది గొట్టాలు అలా అలా ఊపి, చీటీ రాసేసి, పెన్నులు మూసుకుని కూర్చున్నారు.

అక్క కాచింది. ఎందుకు కాచావంటే చేతులు ఖాళీగా ఉన్నాయి అంది.

పైన తెల్లగా కమ్ముకుంది. ఆసిడ్ వేసింది... విడిపోలేదు.

తలెత్తింది. సీసాల బాబాయ్ తననే చూస్తున్నాడు. ఎవరికీ కనబడకుండా తల అడ్డంగా ఊపాడు. వద్దు, అని. ఆ మొహం చూడలేక అక్క చూపు కిందికి దించింది. ఆయన కాళ్ళు కనిపించాయి. చెప్పుల పట్టీ కనిపించడం లేదు... పాదం వాచి, పట్టీ కండలోకి దిగిపోయి ఉంది.

పెదనాన్న మేజోళ్ళు విప్పిన సాయంత్రం అక్కకి మొత్తం కళ్ళకి కట్టింది. గుంట, బొటనవేలు, ఆయన నవ్వు, తను ఊరుకోవడం. ఒకసారి చూసి ఊరుకున్నాను, రెండోసారి కూడానా అనిపించిందట. ఏడాదిన్నరలో తనకి ఏదైనా మనసుకి తగలడం అదే మొదటిసారి.

చీటీ మీద రాసింది. ప్రోటీన్: ఉంది.

ఎగ్జామినరు వచ్చి చీటీ చూసింది. ప్రొఫెసరు లిస్టు చూసుకుని చిరాకు పడ్డాడు. "ఇరవై నార్మల్ మేడమ్. ఈ అమ్మాయి నిరుడు కూడా తప్పింది."

"ఇంకోసారి చూస్తావా అమ్మా?" అంది పెద్దావిడ.

"చూశాను మేడమ్. ఉంది."

"లిస్టులో లేదంటున్నారు."

"లిస్టు సంగతి నాకు తెలీదు మేడమ్. గొట్టంలో ఉంది."

ఆవిడ స్టూలు లాక్కుని, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, కొత్త గొట్టంలో తనే పోసింది. దీపం మీద పెట్టింది. హాల్లో అందరి మెడలూ ఇటే తిరిగాయి. మబ్బు పైకి లేచింది. చుక్కలు వేసింది. గొట్టం కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. తెలుపు అలాగే ఉంది.

"ఇది ఎవరిది?" అంది.

ప్రొఫెసరు లిస్టు తిరగేశాడు. సీసా ఎక్కడిదో ఆయన ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు. అక్క వేలు చూపించలేదు, తల వంచుకుంది.

"నాదే మేడమ్."

ట్రే కింద పెట్టి, ఒక మెట్టు దిగినట్టు ముందుకొచ్చాడు సీసాల బాబాయ్. "నార్మల్ సీసాలన్నీ నావే. ముప్పై ఏళ్ళుగా నావే."

పెద్దావిడ లేచి తన స్టూలు ఆయన వైపు జరిపింది. "కూర్చో నాయనా." ఆయన కూర్చోనన్నాడు. ఆవిడ భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. హాల్లో పెన్నులు గీకుతున్న చప్పుడు మొదలైంది. సరి నంబర్లవాళ్ళు తొమ్మిదిమందీ తాము రాసింది కొట్టేస్తున్నారు.

తర్వాత ఆవిడ బీరువాలోంచి ముడుచుకున్న కిడ్నీ జాడీ తెప్పించి అక్కని అడిగింది. అక్క ఈసారి గడగడా చెప్పింది. వడపోత ఎలా చెడుతుందో, కాళ్ళెందుకు వాస్తాయో, ఎన్నేళ్ళకి ఈ సైజుకి ముడుచుకుంటుందో, చివరికి ఏమవుతుందో. ఆయన స్టూలు మీద కూర్చుని వింటున్నాడు. ఆయన వింటున్నాడని తెలిసీ ఆపలేదు. ఆపితే మళ్ళీ నోరు తెరుచుకోదని భయపడ్డానంది.

అక్క పాసయింది. ఆయన్ని ఆ మధ్యాహ్నమే కిడ్నీ వార్డులో చేర్చారు. రెండు కిడ్నీల్లో పనిచేసేది పదో వంతు కూడా లేదు. మిషను మీద రక్తం కడగడం మొదలుపెట్టారు.

నాలుగు రోజుల తర్వాత అక్క చూడ్డానికి వెళ్ళింది. ఆయన మెడ నుంచి రెండు గొట్టాల్లో రక్తం మిషనులోకి పోయి వస్తోంది. ఆయన దాన్ని చూడకుండా పైకప్పు చూస్తున్నాడు.

"ఆ రాత్రి తలుపు దగ్గర నిలబడింది నేనేనమ్మా" అన్నాడు. "లోపలికి రాబుద్ధి కాలేదు. తలుపు సందులోంచి మీ చేతిలో గొట్టం తెల్లగా కనిపించింది."

అక్క మంచం అంచున కూర్చుంది.

"ఆ బాబు చావలేదు. ఎక్కడో మందుల షాపు పెట్టుకున్నాడు, పిల్లలు కూడానట. దెయ్యం కథ నేనే పుట్టించాను. ఆ బల్ల దగ్గరికొచ్చేది తప్పినవాళ్ళు కదా... మళ్ళీ తప్పుతామన్న భయంతో కష్టపడి నిజంగా కాస్తారు. ఎవరూ దీపం వెలిగించకుండా ఉండాలని చెప్పాను. తర్వాత రాత్రుళ్ళు నేనే వెళ్ళి కాచుకునేవాణ్ణి. తెల్లబడేది. ఈ బల్లలోనే ఏదో ఉందిలే అని తాళం వేసుకుని ఇంటికి పోయేవాణ్ణి. చెప్పగా చెప్పగా నేనే నమ్మేశాను."

"తొమ్మిదేళ్ళు, బాబాయ్. కింద అంతస్తులోనే డాక్టర్లున్నారు. ఎందుకు చెప్పలేదు?"

ఆయన దిండు కింద చెయ్యి పెట్టి ఒక గుడ్డసంచీ తీశాడు. పరీక్షలయ్యాక చీటీలు తగలబెట్టడం ఆయన పనే. సరి నంబర్లవి మాత్రం తగలబెట్టలేదు. సంచీ నిండా అవే, ఏ ఏడాదివి ఆ ఏడాది దారం కట్టి. అన్నిటి మీదా ఒకటే మాట. ప్రోటీన్: లేదు. కింద సంతకాలు.

"ఇంతమంది డాక్టర్లు నాకేం లేదని రాసి సంతకం పెట్టారమ్మా. నా ఒక్కడి కళ్ళు నమ్మాలా, ఇంతమందిని నమ్మాలా?"

అక్క కట్టలు తిరగేసింది. నిరుటి కట్ట చేతికొచ్చింది. దారం విప్పక్కర్లేదు, పైనున్న చీటీ మడతలు పడి నలిగి ఉంది. పద్నాలుగో సీసా. ప్రోటీన్: లేదు. చీటీ రాసిన రోజు దీపానికి అగ్గిపుల్ల కూడా గియ్యలేదని అక్కకి గుర్తుంది. సంతకం అక్కదే.

ఆయన దాన్ని మెల్లగా అక్క వేళ్ళ మధ్య నుంచి తీసుకుని, మడత సరిచేసి, గుండె మీద పెట్టుకున్నాడు.

"అందరిలోకీ మీ రాతే గుండ్రంగా ఉంటుందమ్మా. కాళ్ళు బరువెక్కిన రాత్రుళ్ళు ఇదే తీసి చదువుకునేవాణ్ణి."